స్తంభం కాలు చూసినవా వదినె

వదినె, ఆ పాతకట్టె కొనేటాయన పొద్దుగాల మళ్ళ వచ్చిండు గదా? మీ నడిమి వాకిట్ల నిలవడి టేపుతోని దూలం కొలుస్తుంటే ఈ గోడ మీదికెళ్ళి చూసిన. కొలిచి, గోరుతోని కట్టెను గీకి, కాయిదం మీద ఏదో రాసుకున్నడు. ఎన్ని ఘనపుటడుగుల కట్టె వస్తదని సీఎఫ్‌టీ లెక్క వేసుకుంటున్నడన్నట్టు. ఇగ నాకు పొయ్యి మీది పనిల మనసు వడలే. అడుగుతున్నందుకు ఏమనుకోకు, ఇల్లు ఇప్పాలనే అనుకుంటున్నరా?

మీ చిన్నోడు అట్లనే అంటడు, తెలుసు. "అత్తమ్మా, గోడలు పెచ్చులు ఊడుతున్నయ్, స్తంభాలు కింద పుచ్చినయ్, కోతులు గూన పలగ్గొడుతున్నయ్, ఇంకెన్ని దినాలు వెళ్ళదీస్తం" అని నాతోని గూడ అన్నడు. వానిది తప్పని నేననను. చిన్నపిల్లలున్నరు. బాత్‌రూము ఇంట్లనే కావాలంటరు, ఎండకాలం ఏసీ వెట్టుకుంటమంటరు. గని వాడు ఆ ఇంటిని సచ్చినదాని లెక్క చూస్తున్నడు. అది సావలే వదినె, దానికి బీమారి వచ్చింది. ఆ బీమారి ఎక్కడ్నుంచి వచ్చిందో గూడ నాకు తెలుసు.

నేను పంతులమ్మగ రిటైరైన గని పుట్టింది వడ్లోళ్ళ ఇంట్ల. మా నాయిన బాడిస చప్పుడుకే పొద్దుగాల లేచేటోళ్ళం. మా తాత అటు ఇల్లంద దాంక, ఇటు ఐనవోలు దాంక ఊరూరు తిరిగి దర్వాజలు, దూలాలు, నాగళ్ళు చేసిండు. మీ ఇంటి పెద్దదర్వాజ పనిల ఆయన గూడ ఉన్నడని మా ఇంట్ల చెప్పుకునేటోళ్ళు. అందుకే ఈ ముచ్చట వస్తే జర ఎక్కువ మాట్లాడుత. ఓపిక వట్టు.

ముందుగాల ఈ ఇల్లు దేని మీద నిలవడ్డదో చిన్నోనికి చెప్పు. గోడల మీద అనుకుంటున్నడు. బయటి మట్టిగోడ మందంగ ఉన్నది, వాసాల కొసలు మోస్తది, నిజమే. గని నడిమి బరువంతా కట్టె మీదనే ఉన్నది. వాకిట్ల నిలవడి పైకి చూడుమను. గూన కింద పెండె, పెండె కింద వాసాలు, వాసాల కింద దూలం, దూలం కింద బోదె, బోదె కింద స్తంభం, స్తంభం కింద రాతిదిమ్మె. వానొచ్చినా గాలొచ్చినా బరువు ఈ వరుసలనే నేలకు దిగుతది. స్తంభానికి స్తంభానికి నడుమ తర్వాత ఎవరో లేపిన అడ్డగోడలు ఉన్నయ్ గదా, అవి రేపు తీసేసినా కప్పు కదలదు. అవి మోసేటియి కావు, మరుగుకు కట్టుకున్నయి.

ఆ బోదెను దగ్గరికి వోయి చూసినవా ఎప్పుడన్నా? కింది నుంచి కనవడదు, నిచ్చెన ఎక్కాలె. స్తంభం తలకాయ మీద నాలుగు వేళ్ళ మందం కొన విడిచి, చుట్టూ చెక్కేసిండ్రు. ఆ కొన బోదె కడుపుల ఉన్న బెజ్జంల వోయి కూసున్నది. బోదె రెండు దిక్కుల చేతులు చాపింది. ఆ చేతుల మీద రెండు దూలాల కొసలు వచ్చి, సగం దీనిది సగం దానిది చెక్కుకొని ఒకదాని మీద ఒకటి పండినయ్. అడ్డంగ ఒక కర్ర చీల కొట్టిండ్రు. ఇనుప మేకు ఒక్కటి లేదు. పైనున్న బరువే ఆ అతుకును గట్టిగ వట్టి ఉంచుతది. బోదె చేతులు అంత పొడుగు ఎందుకు చాపిందంటే, ఊతం లేని దూలం పొడుగు అంత తగ్గుతది, నడుమ వంగకుంట ఉంటది. కింద చెక్కిన పువ్వు, మొగ్గ చూసి మనం అందం కొరకే పెట్టిండ్రనుకుంటం. పని ముందు వచ్చింది, పువ్వు తర్వాత వచ్చింది.

కట్టె గూడ చూసి తెచ్చిండ్రు. టేకుల చేవ ఉన్న నడిమి భాగమే స్తంభాలకు వాడిండ్రు, పైతెలుపు చెక్కి పారేసిండ్రు. టేకు చేవల సహజంగనే ఒక నూనె ఉంటది, చెదలు దాన్ని అంత సులువుగ ముట్టవు. వాసాలకు, కనవడని తావులకు మద్ది, ఏగిస లాంటియి వేసిండ్రు. మా నాయిన కట్టె మీద ఉలి పెట్టకముందు వేలి కణుపుతోని కొట్టి చప్పుడు వినేటోడు. బోలు చప్పుడు వస్తే పక్కకు పెట్టేటోడు. ఆ బేరగాడు గోరుతోని గీకింది గూడ చేవ ఎంతున్నదో చూసుకునేతందుకే. ఇంతకాలమైనా గోరు దిగలేదంటే ఏమనుకోవాలె చెప్పు.

మీ పెద్దపిల్ల లండన్‌కెళ్ళి పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు ఐనవోలు జాతరకు పోయి వచ్చినం సూడు, ఆ దినం సాయంత్రం నాకు ఫోన్ల ఫోటోలు చూపిచ్చింది. అక్కడి ఊర్ల పాత ఇండ్లు. నల్లటి కట్టె, నడుమ తెల్లటి గోడ. "అత్తమ్మా, ఇవి నీకు నచ్చుతయని తీసిన" అన్నది. నచ్చుడు కాదు, ఆ రాత్రి నిద్ర వట్టలే. మా నాయిన ఉంటే ఒక్కొక్క అతుకు ముంగట నిలవడి గంట సేపు మాట్లాడేటోడు.

అండ్ల ససెక్స్ దిక్కు ఆల్‌ఫ్రిస్టన్ అనే ఊర్ల చర్చి దగ్గర ఒక ఇల్లున్నది. 14వ శతాబ్దం నాటిది. పైన గడ్డికప్పు, కింద ఓక్ కట్టెతోని కట్టిన చట్రం. ఒకప్పుడు చర్చి పాదరి ఉండే ఇల్లంట. 19వ శతాబ్దం వచ్చేసరికి కూలెటట్టయింది, పడగొడుదామనుకున్నరు. అప్పుడే ఆక్టేవియా హిల్ అనే ఆమె, ఇంకొందరు కలిసి నేషనల్ ట్రస్ట్ అని ఒక సంస్థ పెట్టిండ్రు. పెట్టిన మరుసటేడే, 1896ల, ఈ ఇంటిని 10 పౌండ్లకు కొన్నరు. ఆ సంస్థ కొన్న మొట్టమొదటి కట్టడం అది. రాజుల కోట కాదు, పెద్ద మహలు కాదు. ఊర్ల కట్టె ఇల్లు. అది నన్ను పట్టుకున్నది వదినె.

ఇంకోటి విను. ఆ ఇంటి నడిమి హాలుల నేల ఎట్ల చేసిండ్రో తెలుసా? సుద్దరాయిని దంచి గట్టిగ దిమ్మిసకొట్టి, దాని మీద పులిసిన పాలు పోసి గట్టిపరిచిండ్రు. మనం ఎర్రమట్టి దిమ్మిసకొట్టి పేడతోని అలుకుతం. వాళ్ళ చేతికి ఏది దొరికితే అది వాళ్ళు పూసిండ్రు, మన చేతికి దొరికింది మనం పూసినం. సముద్రాల అవతల ఉన్న ఆడోళ్ళు గూడ నేల దుమ్ము లేవకుంట ఉండాలని మన తీరుగనే తిప్పలు పడ్డరన్నట్టు.

గోడలు చూడు. కట్టె చట్రం నిలవెట్టినంక నడిమి ఖాళీలల్ల సన్న కొమ్మలు తడిక లెక్క అల్లుతరు. మీదికెళ్ళి మట్టి, గడ్డి, పేడ కలిపి రెండు దిక్కుల మెత్తుతరు. పైన సున్నం. మన గుడిసెకు తడిక గోడ కట్టి పేడమట్టి మెత్తుడు ఇదే పని గదా! తేడా ఏందంటే ఆ దేశంల ఉన్నోని ఇల్లు గూడ తడికెతోనే కట్టిండ్రు, మన దగ్గర తడికె బీదోని పాలికి వచ్చింది, ఉన్నోడు మందం మట్టిగోడ పెట్టుకున్నడు. ఎండకు మట్టిగోడ కావాలె. మే నెలల మీ అర్రల అడుగు పెడితే పానం చల్లగ అయితది, అది ఆ గోడ మందమే.

కట్టె కొట్టుడు కాడ మాత్రం మనకు వాళ్ళకు పొంతన లేదు. మన వడ్లాయన కట్టెను బాగ ఆరనిచ్చి పనిల పెడుతడు. వాళ్ళు ఓక్‌ను పచ్చిగ ఉన్నప్పుడే చెక్కుతరు. ఎందుకంటే ఎండిన ఓక్ ఉలికి లొంగదు, రాయి అయితది. పచ్చికట్టెల బెజ్జం కొట్టి, కొన దూర్చి, ఓక్ చీల కొడుతరు. ఇక్కడ ఒక తెలివి ఉన్నది. కొనల ఉన్న రంధ్రాన్ని, బెజ్జం పక్కన ఉన్న రంధ్రాన్ని వెంట్రుకవాసి తేడాతోని తొలుస్తరు. చీల కొట్టినప్పుడు అది వంకరగ దిగి రెండింటినీ దగ్గరికి గుంజుతది. కట్టె ఏండ్ల మీద ఆరిన కొద్దీ అతుకు ఇంకింత బిగుసుకుంటది. ఆరుతూ ఆరుతూ కట్టె వంగుతది గూడ. ఆ ఇండ్లు అటొరిగి ఇటొరిగి ఉన్నట్టు కనవడేది అందుకే. ఫోటోలు చూసి చిన్నోడు "పడిపోతయేమో" అన్నడు. పడవు. వంగినంక ఆ వంపులనే గట్టివడ్డయ్, వందల ఏండ్ల నుంచి అట్లనే ఉన్నయ్.

చట్రమంతా ముందు వడ్లోళ్ళ కొట్టం ముంగట నేల మీద పరిచి సరిచూసుకుంటరు. ఏ ముక్క ఏ ముక్కకో తెలవాలని అతుకు కాడ ఉలితోని గీతలు కొడుతరు, ఒకటి, రెండు, మూడు అని రోమను అంకెలు. మళ్ళ అంతా ఇప్పి, బండ్ల మీద ఊర్లకు తెచ్చి, అంకెల ప్రకారం నిలవెడుతరు. 500 ఏండ్ల నాటి ఇంట్ల గూడ ఆ గీతలు కనవడుతయ్. రాసుకున్న కాయిదం పోయింది, కట్టినోని పేరు పోయింది, చేతి గీత ఉన్నది. నేను ఇది చదివినంక మీ దూలం మీద టార్చి వేసి చూడాలని ఎన్నిసార్లో అనుకున్న.

ఆ ఇండ్లు మొదట్ల లోపటెట్ల ఉండేటియంటే, నడుమ ఒక పెద్ద హాలు, కప్పు దాంక ఖాళీ. హాలు నడిమిట్ల నేల మీదనే నెగడి. పొగగొట్టం లేదు. పొగ వోయి కప్పు సందులకెళ్ళి పోయేది. పాత ఇండ్ల వాసాల మీద ఆ మసి ఇప్పటికీ ఉన్నదంటే, ఆ హాలు ఒకప్పుడు పైదాంక ఖాళీగ ఉండెనని గుర్తువడుతరు. 16వ శతాబ్దంల ఇటుక పొగగొట్టాలు వచ్చినయ్, అప్పుడు హాలు నడుమ మీదంతస్తు వేసుకున్నరు. చలి దేశం గనుక వాళ్ళు ఇంటి నడుమ నిప్పు పెట్టిండ్రు. మనం ఇంటి నడుమ ఆకాశం పెట్టుకున్నం. వానాకాలం నాలుగు దిక్కుల చూరు నీళ్ళు మీ నడిమి వాకిట్ల దునికి, మోరి పట్టి బయటికి పోతుంటే మన పిల్లలు కాగితం పడవలు విడువలేదా? అర్రలకు ఎలుతురు, గాలి అంతా అక్కడికెళ్ళే. బయటికి కిటికీలు లేని ఇంట్ల ఊపిరాడుతదంటే ఆ ఖాళీతోనే. దాన్ని మూసి రేకులు వేసుకున్న ఇండ్లు మన పేటల చూసినవు గదా, లోపట పగలు గూడ లైటు వేసుకోవాలె.

ఏమన్నవ్? లండన్ల ఎందుకు లేవంటవా? ఉండె. 1666ల లండన్ల పెద్ద అగ్గి లేచి కట్టె ఇండ్లు చానా కాలినయ్. తర్వాత ఇటుక, రాయి తప్ప కట్టొద్దని చట్టం తెచ్చిండ్రు. ఊర్లల్ల మిగిలినయ్. మిగిలినయంటే ఎవరో ప్రేమతోని కాపాడిండ్రని కాదు. లావెన్‌హామ్ అని ఒక ఊరున్నది, ఒకప్పుడు ఉన్నిబట్టల బేరంతోని మస్తు సంపాదించింది. ఆ బేరం పడిపోయింది. కొత్త ఇండ్లు కట్టుకునే పైసలు లేక పాతవే ఉంచుకున్నరు. ఇప్పుడు దునియా అంతా వచ్చి చూస్తున్నది. మన దగ్గర గూడ అంతే వదినె, ఏ భవంతి మిగిలిందన్నా ఆ ఇంటోళ్ళ పిల్లలు హైదరాబాదో అమెరికానో పోయి, ఇంటి మొఖం చూడకుంట ఉండుటతోనే. ఇక్కడ ఉండి నాలుగు పైసలు చేసుకున్నోడు ముందు కూలగొట్టేది దాన్నే.

ఇగ బీమారి ముచ్చటకు వస్త. లోపటికి పోయినప్పుడు ఆ వంటర్ర దిక్కు స్తంభం కాలు చూడు. నేను మొన్న బోనాల పొద్దు మీ ఇంటికి వచ్చినప్పుడు వంగి చూసిన. మా తాతలనాడు స్తంభం రాతిదిమ్మె మీద ఉట్టిగ నిలవెట్టిండ్రు. వాన చినుకు ఎగిసి కాలు తడిసినా, చుట్టూ గాలి ఆడి పొద్దీకి ఆరేది. మీరు బండలు పరిపిచ్చినప్పుడు ఆ మేస్త్రి ఏం చేసిండు? చూసేటందుకు సాఫుగ ఉండాలని స్తంభం కాళ్ళ చుట్టు జానెడెత్తు సిమెంటు గట్టిండు. అది చూసేటందుకు బలంగనే ఉన్నది. గని కట్టె వానకు ఉబ్బుతది, ఎండకు కుంచుకపోతది. సిమెంటు కదలదు. రెండింటి నడుమ గోరు సందు పడ్డది. వాననీళ్ళు, మీరు వాకిలి కడిగిన నీళ్ళు ఆ సందుల దిగుతయ్, మళ్ళ బయటికి రావు. ఏడాది పొడుగుత కట్టె కాలు తడిల నానుతది. లోపట నానిన కట్టెకు చెదలు సిమెంటు చాటుకెళ్ళి ఎక్కుతయ్, మనకు కనవడవు. ఎన్నో ఏండ్లు ఏం గాని స్తంభం సిమెంటు కట్టినంకనే పుచ్చింది. గోడలు పెచ్చులూడుడు గూడ అదే. మట్టిగోడ మీద సిమెంటు ప్లాస్టరు చేసిండ్రు. మట్టి తడిని పీల్చుకొని విడుస్తది, సిమెంటు విడువనియ్యదు. లోపల మట్టి మెత్తవడి ప్లాస్టరు పలకలు పలకలుగ ఊడుతున్నది.

ఆ దేశంల గూడ ఇదే తప్పు చేసిండ్రు. పోయిన శతాబ్దంల ఓక్ ఇండ్ల మీద సిమెంటు మెత్తిండ్రు, లోపల చట్రం పుచ్చింది. ఇప్పుడు ఆ సిమెంటును పని గట్టుకొని తీసి, మళ్ళ సున్నం పూస్తున్నరు. మనం వాళ్ళ ఫోటోలు చూసి మురుసుడు కాదు, వాళ్ళు తిన్న దెబ్బ మనం తినకుంట చూసుకోవాలె.

స్తంభం కాలు పుచ్చితే స్తంభమే పోయిందనుకోవద్దు. పక్కన రెండు దిక్కుల గట్టి గుంజలో ఇనుప జాకీలో పెట్టి దూలాన్ని వెంట్రుకంత లేపాలె. పుచ్చిన మేరకు కోసి, ఎక్కడ చేవ గట్టిగ దొరికితే అక్కడ ఆపాలె. అడ్డంగ ఒక్క కోతల కొయ్యొద్దు. ఏటవాలుగ మెట్టు తీసి చెక్కి, అదే తీరు చెక్కిన కొత్త టేకు కాలును కింది నుంచి జోడించి, కర్ర చీలలు కొట్టాలె. మళ్ళ రాతిదిమ్మె మీద నిలవెట్టి జాకీ దించితే పై బరువు వచ్చి అతుకును ఒత్తుకుంటది. మా నాయిన ఇట్ల ఎన్ని కాళ్ళు మార్చిండో. కొత్త ముక్క రంగు తేడాగ కనవడుతది, కనవడనియ్యి. ఇంగ్లండుల విలియం మోరిస్ అనేటాయన 1877లనే పాత కట్టడాలను కాపాడేతందుకు ఒక సంఘం పెట్టిండు. వాళ్ళ పద్ధతి ఏందంటే, ఎంత చెడ్డదో అంతే బాగుచెయ్యి, పాతది మొత్తం పీకి కొత్తదాన్ని పాతదాని లెక్క వేషం వెయ్యకు. మన వడ్లోళ్ళకు ఈ మాట ఎవరూ చెప్పలే, కట్టె పిరం గనుక వాళ్ళే అట్ల చేసుకున్నరు. స్లాబుల చువ్వ తుప్పు పట్టితే ఆ ముక్క ఒక్కటి తీసి ఇంకోటి పెట్టుమను చూద్దాం! కట్టె ఇల్లుకు ఆ గుణం ఉన్నది, ముక్క ముక్క మార్చుకుంట మనుమల దాంక నడుపుకోవచ్చు.

మన వరంగల్ల రాయి పనికి పేరున్నది. వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది, రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. పిల్లలను బడికెళ్ళి తీస్కపోయి చూపిచ్చిన, ప్రతిసారి ఒళ్ళు పులకరించేది. గని అదే చేతి వారసత్వం కట్టెల ఉన్నది, అది ఎవరి లెక్కల లేదు. మన రాష్ట్రంల 2017ల వారసత్వ చట్టం వచ్చింది, మంచిదే. అది గుళ్ళకు, కోటలకు, పెద్ద కట్టడాలకు చేరుతది. వర్ధన్నపేటల ఒక పటేలింటి టేకు స్తంభం దాంక రాదు. ఇంగ్లండుల ఊరి ఇల్లును గూడ జాబితల ఎక్కిస్తరు. ఎక్కినంక ఇంటాయన అయినా సరే సర్కారు అనుమతి లేకుంట కిటికీ మార్చరాదు, మారిస్తే నేరం కింద లెక్క. మనకు అంత కట్టడి కావాలని నేననను, ఇల్లు మనది, బతుకు మనది. గని ఈ ఇంటిని కొలిచి, బొమ్మ గీసి, ఫోటోలు తీసి ఒక్క దగ్గరన్నా దాచిపెట్టేటోళ్ళు ఉండాలె.

మన తెలంగాణ నేతగాళ్ళ ఇల్లు ఒకటి చూడాలంటే మద్రాసు దగ్గర ముట్టుకాడుకు పోవాలె. అక్కడ దక్షిణచిత్ర అని ఒక మ్యూజియం 1996ల తెరిచిండ్రు, దక్షిణ రాష్ట్రాల పాత ఇండ్లను తెచ్చి నిలవెట్టిండ్రు. నల్లగొండ దిక్కు కొయ్యలగూడెం చిటికీ నేతగాళ్ళ ఇల్లు అండ్ల ఉన్నది. ససెక్స్‌ల గూడ అట్లాంటిదే ఒకటున్నది, వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ అని. కెంట్ దిక్కు బౌ బీచ్ రిజర్వాయరు కడుతుంటే బేలీఫ్ అనే 15వ శతాబ్దపు రైతు ఇల్లు మునుగుడుల పడ్డది. ముక్క ముక్క ఇప్పి, గుర్తులు పెట్టి తెచ్చి అక్కడ మళ్ళ కట్టిండ్రు. కట్టె ఇల్లు గనుకనే ఇప్పి కట్టొచ్చింది. మన దగ్గర మిడ్ మానేరు కింద, మల్లన్నసాగర్ కింద ఊర్లకు ఊర్లే మునిగినయ్. ఒక్క భవంతినన్నా ఇట్ల ఇప్పి, ఒడ్డు మీద నిలవెట్టి ఉంటే మన పిల్లలకు చూపెట్టుకునేటోళ్ళం. ఆ బాధ నాకు పోదు.

నీకు ఇంకో మాట గూడ చెప్తా, తప్పు వట్టకు. ఈ టేకు పాకాల, ఏటూరునాగారం దిక్కు అడవులకెళ్ళి బండ్ల మీద వచ్చింది. ఆ కాలంల బండ్లు ఎట్ల వచ్చేటియో మనకు తెలుసు. వెట్టి. కట్టె కొట్టినోనికి, మోసినోనికి, మట్టి తొక్కినోనికి ఏం ముట్టిందో మా ఇంట్ల అడిగితే చెప్పేటోళ్ళు. గడీల మీదికి జనం లేచిన కాలంల మా నాయిన పిలగాడు. దొరల గడీ కూలితే ఊరు సంబురపడ్డది, అది న్యాయమే. నేను గూడ ఆ గడీల కోసం ఏడ్వను. గని ఈ ఇల్లు చూసినప్పుడు నాకు దొరతనం కనవడదు వదినె. దూలం చెక్కిన వడ్లోళ్ళు, గోడ పెట్టిన ఉప్పరోళ్ళు, చక్రం మీద గూన తిప్పిన కుమ్మరోళ్ళు కనవడుతరు. కూలగొడితే పోయేది వాళ్ళ పని. వాళ్ళ పేర్లు ఏ శాసనంల లేవు, ఉన్నదల్ల ఈ కట్టె మీదనే.

గూన సంగతి గూడ చెప్పుకోవాలె, చిన్నోనికి అసలు తిప్పలు అక్కడనే ఉన్నది. వెనుకట కుమ్మరాయన కుండ చేసినట్టే పొడుగు గొట్టం చేసి, పచ్చిగున్నప్పుడు నిలువుగ చీరి రెండు గూనలు తీసేటోడు. ఏటా రోహిణి కార్తెల గూన సదిరిచ్చుకునేటోళ్ళం. ఇప్పుడు గూన చేసేటోళ్ళు లేరు, సదిరేటోళ్ళు దొరకరు, మీదికెళ్ళి కోతుల మంద. అడివిల పండు లేకపాయె, అవి ఊరి మీద పడ్డయ్. ఒక్క దినం దునికితే పది గూనలు పోతయ్, ఆ సందుకెళ్ళి కురిసి వాసం నానుతది. అందుకే మంచి గూనలన్నీ ఏరి ముందు వాకిలి దిక్కు రెండు చూర్లకు వెయ్యుండ్రి. వెనుక దిక్కు బెంగళూరు పెంకలు వేసుకోండ్రి, కూలగొట్టిన ఇండ్ల కాడ పాతవి దొరుకుతయ్. మీద ఇనుప జాలి పరిస్తే కోతి కాలు గూనకు తగలదు. ఖర్చు అయితది, కాదనను. స్లాబుకయ్యే ఖర్చుల అది ఎంత?

స్లాబు వద్దని గూడ నేను అంటలేను. పెరట్ల అంత జాగ ఉన్నది. బాయి పక్కన రెండు గదులు, బాత్‌రూములు, వాని ఏసీ అన్నీ అక్కడ కట్టుకొమ్మను. ముంగటి భవంతిని అట్లనే ఉంచుండ్రి. పెండ్లి చూపులైనా, పండుగైనా, బతుకమ్మ పేర్చుడైనా ఆ వాకిట్లనే గదా అయ్యేది.

అసలు అడ్డం కోతి కాదు, స్లాబు కాదు, పంపకం అని నాకు తెలుసు. హన్మకొండల ఉన్న మీ మరిది తన సగం తనకు కావాలంటున్నడంటివి. నడిమి వాకిలిని సగానికి పంచలేరు. నాలుగు దిక్కుల కప్పు కలిసి ఒకదాన్ని ఒకటి వట్టుకొని ఉన్నది. మూలవాసం కాడ కోస్తే రెండు దిక్కుల చూరు కుంగుతది. ఇల్లందల ఇట్లనే అన్నదమ్ములు వాకిట్ల గోడ లేపిండ్రు, రెండు వానాకాలాలకు ఇద్దరి కప్పూ కురిసింది. అందుకని ఇల్లు ఒకరికి, పెరడో చెల్కనో ఇంకొకరికి వచ్చేటట్టు చూసుకోండ్రి. ఇంటి కట్టెను సీఎఫ్‌టీ లెక్క అమ్మితే వచ్చే పైసలెన్ని, ఆ చెల్క ఎకరం ధర ఎంత, ఇద్దరూ కూసొని రాసుకోండ్రి. ఆ లెక్క చూస్తే మీ మరిది గూడ ఒప్పుకుంటడనే అనుకుంటున్న.

ఆదివారం ఆయన వస్తడన్నవ్ గదా, నన్ను గూడ పిలువు, నేను మాట్లాడుత. పర్వతగిరి దిక్కు మా బాబాయి కొడుకొకడు ఇంకా బాడిస వట్టుతడు, కాళ్ళు మార్చుడు వానికొచ్చు. ఆ సిమెంటు మాత్రం ఇప్పుడే తీపియ్యి, మృగశిర రాకముందే. గడ్డపారతోని కొట్టనియ్యకు, అదురుకు దిమ్మె పగులుతది. సన్న ఉలి, చిన్న సుత్తె పెట్టి కొంచెం కొంచెం రాల్పుమను. అయినంక వారం దినాలు ఆ కాళ్ళకు గాలి తగలనియ్యి, వాకిలి కడుగకు, ఊడ్చుడుతోనే సరిపెట్టు.